రిపేరక్క పెట్టని లోపం

లోపాలు సరిచేసి జీతం తీసుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. లోపాలు పెట్టి జీతం తీసుకునే మనిషిని చూడాలంటే మాత్రం ఆ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్ళాలి. లిఫ్టు మూడో అంతస్తు దాకానే, ఆ పైన మోకాళ్ళే గతి. అక్కడ రేకుల గది గుమ్మం పక్కన ఇనుప స్టూలు మీద, నీలం కోటు జేబులో స్క్రూడ్రైవరు గుచ్చుకుని, చేతులు కట్టుకుని కూర్చునే యాభై ఏడేళ్ళ మనిషే రిపేరక్క. విభాగం రికార్డుల్లో ఆమె హోదా ల్యాబ్ అసిస్టెంటు. ఆ హోదా సంగతి విద్యార్థుల్లో ఒక్కడికీ తెలియదు. ‘అక్క ఒప్పుకుంటే పాసయినట్టే’ అన్నది మాత్రం అందరికీ తెలుసు.

ఆమె చూసుకునేది రేడియో టెలిస్కోపును. కొత్తగా వచ్చిన పిల్లలు టెలిస్కోపనగానే పొడుగాటి గొట్టం ఉంటుందనీ, కన్ను ఆనించి చూడొచ్చనీ ఉబలాటపడుతూ వస్తారు. తీరా చూస్తే రెండు మీటర్ల వెడల్పున్న పాత టీవీ డిష్షు. టీవీ కేంద్రం వాళ్ళు పాతసామాన్ల కింద పడేస్తుంటే రిపేరక్కే అడిగి, లారీ డ్రైవరును బతిమాలి తెచ్చింది. అది అటూ ఇటూ తిరగదు. మధ్యాహ్నం సూర్యుడు దాటే దిక్కుకేసి నిలబడి ఉంటుంది. పక్కనున్న రేకుల గది చూరు కింద, చేత్తో తిప్పే పిడి ఒకటుంది. దాన్ని తిప్పితే పైకి లేస్తుంది, కిందికి వంగుతుంది, అంతే. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలు డిష్షు మీద పడి, ఎదురుగా బిగించిన చిన్న డబ్బాలోకి చేరతాయి. అక్కడి నుంచి తీగ రేకుల గదిలోకి పోతుంది. గదిలో రిసీవరు, పాత స్పీకరు, కంప్యూటరు. స్పీకరులో ఎప్పుడూ ఒకటే హోరు. వేడిగా ఉన్నదేదైనా డిష్షు చూపులో పడితే ఆ హోరు పెరుగుతుంది, కంప్యూటరు తెర మీద గీత పైకి లేస్తుంది.

మొదటిరోజు ఆమె పాఠం ఒక్కటే. ఒక్కొక్కరినీ పిలిచి, డబ్బా ముందు చెయ్యి పెట్టమంటుంది. హోరు గుప్పున లేస్తుంది.

“విన్నావా? నీ ఒంటి వేడే అది. నువ్వూ ఒక రేడియో స్టేషనే. కాకపోతే నీ దగ్గర పాటలుండవు.”

నవ్వులయ్యాక అసలు సంగతి చెబుతుంది. గోడ వేడి, మనిషి వేడి ఎంతో మనకు తెలుసు. వాటికి గీత ఎంత లేచిందో చూసి, సూర్యుడికి ఎంత లేచిందో చూస్తే, ఇక్కడ కూర్చునే సూర్యుడి వేడి లెక్కకట్టొచ్చు. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోతుంది. పదకొండేళ్ళుగా చెబుతున్నా ఆ వెలుగు తగ్గలేదు.

రెండో రోజు నుంచి కష్టాలు మొదలు. పిల్లలు పైకి వచ్చేసరికి టెలిస్కోపులో ఏదో ఒకటి పనిచెయ్యదు. తీగ వదులై ఉంటుంది, ఫ్యూజు పోయి ఉంటుంది, కంప్యూటరు గడియారం ఇరవై నిమిషాలు వెనక నడుస్తూ ఉంటుంది. పెట్టేది ఆమే. కనుక్కోవలసింది వాళ్ళు. “ఎక్కడుందక్కా?” అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒక్కటే: “టెలిస్కోపునడుగు, నన్నెందుకు అడుగుతావ్?” పట్టపగలే చుక్కలు చూపిస్తోందని పిల్లలు మొత్తుకునేవారు. కోర్సు పేరే ఖగోళశాస్త్రం కాబట్టి ఆ ఫిర్యాదును ఎవరూ పట్టించుకోలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. ఇస్త్రీపెట్టె పాడైతే, సిటీ బస్సు నడిపి రిటైరైన భర్త చేతికి స్క్రూడ్రైవరిచ్చి తను ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. “ఊళ్ళో అందరి పెళ్ళాలూ మొగుళ్ళని సాధిస్తారు, నా పెళ్ళాం ఇస్త్రీపెట్టెతో సాధిస్తుంది” అని ఆయన పక్కింటివాళ్ళతో చెప్పుకునేవాడు. కాని ఇప్పుడాయనకి ఇస్త్రీపెట్టే కాదు, ఫ్యానూ విప్పడం వచ్చు. ఆ గర్వం కూడా పక్కింటివాళ్ళకే చెప్పుకుంటాడు.

ఈ విద్య ఆమెకి తండ్రి నుంచి వచ్చింది. ఆయనది బజారులో గడియారాల కొట్టుకూ చెప్పుల కొట్టుకూ నడుమ ఇరుకున్న రేడియో రిపేరు కొట్టు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఆయన బాగా పాడుతున్న రేడియోని విప్పి, లోపల ఏదో చేసి, మూత బిగించి ముందు పెట్టాడు. “కనుక్కో” అన్నాడు. ఆనాటి నుంచి రోజుకొక లోపం. ఆమె ఏడ్చినా, అలిగినా, కాళ్ళు నేలకేసి కొట్టినా ఆయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడే తప్ప సాయం చేసేవాడు కాదు. ఒకసారి వరసగా పది రోజులు కనిపెట్టి ఎగిరి గంతేస్తుంటే, ఆయన నవ్వి ఇలా అన్నాడు:

“నేను పెట్టింది పట్టుకుంటే ఏం గొప్పమ్మా? నేను తెలియక చేసిన తప్పు పట్టుకో. ఆ రోజు కొట్టు తాళంచెవి నీ చేతిలో పెడతా.”

పదేళ్ళు పట్టింది. ఒక స్కూలు మాష్టారి రేడియో మూడుసార్లు బాగై మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి ఆమె విప్పి చూసి, నాన్న వేసిన భాగమే తప్పని వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశాడు, మళ్ళీ తుడుచుకుని చూశాడు. ఆ తర్వాత ఎంత గట్టిగా నవ్వాడంటే, ఏమైందోనని గడియారాలాయన పరిగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రం కొట్టు మూసి తాళం వేసింది ఆమే. జనం రేడియోలు బాగుచేయించుకోవడం మానేశాక ఆ కొట్టు పోయింది, ఆయనా పోయాడు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చాక మిద్దె గది తాళంచెవిని నాన్న కొట్టు తాళంచెవికుండే ఎర్రతీగకే కట్టి ఆమె మెడలో వేసుకుంది.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఆ సంవత్సరం తనిఖీ బృందం వచ్చింది కాబట్టి.

అంతకు ముందు వచ్చినవాళ్ళు పైకి ఎక్కడానికి బద్ధకించి, కింద కూర్చునే కాగితం మీద ఒక వాక్యం రాసిపోయారు: ‘రేడియో టెలిస్కోపు తరగతిలో పనంతా ల్యాబ్ అసిస్టెంటే చేస్తున్నారు, విద్యార్థులు చూస్తున్నారు.’ పదకొండేళ్ళుగా చేతులు కట్టుకుని కూర్చుంటున్న మనిషి మీద ఇంతకంటే పెద్ద అబద్ధం మరొకటి ఉండదు. చదివిన రోజు రిపేరక్కకి అన్నం సహించలేదు. ఈసారి వచ్చే బృందం ముందు విద్యార్థులు తమంతట తామే సూర్యుణ్ణి పట్టి చూపాలి. ఆమె చెయ్యి వెయ్యకూడదు. చూపలేకపోతే తరగతి రద్దు, డిష్షు తీసేసి ఆ చోట ఏసీ యంత్రాలు పెడతారు. ఆ యంత్రాల జాబితా విభాగం హెడ్డుగారి సొరుగులో సిద్ధంగానే ఉంది.

హెడ్డుగారు చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. తనిఖీకి ముందురోజు సాయంత్రం ఆయాసపడుతూ పైకొచ్చి, డిష్షును ఎగాదిగా చూశాడు.

“ఏమ్మా, ఇది వంకరగా ఉందేంటి? వచ్చేవాళ్ళు చూస్తే నవ్వరూ?”

“మిద్దెకి వాటం ఉంది కదా సార్, వాన నీళ్ళు పోవడానికి. అందుకని మొదట్నుంచీ అంతే. పని బాగానే చేస్తుంది.”

“పని సంగతి కాదమ్మా, చూపు సంగతి!” అని ఆయన దిగిపోయాడు.

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఎవరింటికైనా చుట్టాలొస్తుంటే ఎప్పుడూ పట్టించుకోని మూలలు కూడా మురికిగానే కనిపిస్తాయి. ఆమె నాలుగు ఇనుప పలకలు తెచ్చి, పల్లంగా ఉన్న వైపు డిష్షు కాళ్ళ కింద దూర్చి, బోల్టులు బిగించి, తాపీమేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూసింది. బుడగ నట్టనడుమ నిలిచింది. పదకొండేళ్ళ వంకర గంటలో పోయింది. అప్పటికి పొద్దు వాలిపోయింది. డబ్బా ముందు చెయ్యి పెట్టింది, హోరు లేచింది. తృప్తిగా తాళం వేసుకుని ఇంటికెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, అలవాటు ప్రకారం ఒక లోపం కూడా పెట్టింది. పరీక్షన్నాక ప్రశ్న ఉండాలి కదా అని ఆమె ధీమా. బల్ల కింద తీగను కలిపే మరబిళ్ళ విప్పి, లోపలి సన్నతీగను కొంచెం తెంపి, పైకేమీ తెలియకుండా మళ్ళీ బిగించింది. ఈ ముక్క హెడ్డుగారికి తెలిస్తే ఆయన అక్కడికక్కడే సెలవు పెట్టేసేవాడు.

పదకొండున్నరకి బృందం వచ్చింది. ముగ్గురిలో పెద్ద ఒకావిడ. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళజోడు మెడకి వేలాడేసుకుని, అందరికంటే ముందు మెట్లెక్కి వచ్చింది. ఆకాశం చూసి పెదవి విరిచింది.

“పూర్తిగా మబ్బేసింది కదా. ఇవాళ సూర్యుణ్ణేం చూపిస్తారు?”

“మబ్బు మన కళ్ళకే అడ్డం మేడమ్, దీనికి కాదు” అన్నాడు పిడి దగ్గర నిలబడ్డ పొడుగబ్బాయి. కాలేజీలో అతని పేరు ‘నిచ్చెన’. పక్కనే పుస్తకంతో నిలబడిన అమ్మాయిని అందరూ ‘గుసగుస’ అంటారు. ఆమె ఎంత గట్టిగా మాట్లాడినా పక్కవాడికి తప్ప వినపడదు. రాసుకునే పెన్సిలు ఎప్పుడూ చెవి మీద పెట్టుకునేది. కాళ్ళ మీద నిలబడి డిష్షును మోసే దిమ్మ మీద పెడితే దొర్లి కిందపడుతుందని మొదటివారంలోనే విసుక్కుని ఆ అలవాటు చేసుకుంది.

సూర్యుడు డిష్షు చూపును దాటేది పన్నెండూ పద్నాలుగుకి. దాటడానికి పట్టేది ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో తెర మీద గీత చిన్న కొండలా లేచి దిగాలి. తప్పితే మళ్ళీ మర్నాడే. బృందం బండి ఒంటిగంటకి.

రిసీవరు పెట్టగానే గుసగుస తలెత్తింది. “హోరు పల్చగా ఉంది” అంది. నిచ్చెన డబ్బా ముందు చెయ్యి పెట్టాడు. గీత కదల్లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత స్టూలు మీది మనిషిని చూసి నవ్వారు. తీగ పొడుగునా సగం సగంగా పరీక్షిస్తూ వెతికి, పావుగంటలో బల్ల కింద మరబిళ్ళ దగ్గరికి చేరారు. సన్నతీగ అతికించారు. చెయ్యి పెడితే హోరు గుప్పుమంది.

“ఇది ముందే ఎలా ఊహించారు?” అంది పెద్దావిడ.

“ఊహించలేదు మేడమ్. మా అక్క రోజుకొకటి పెడుతుంది” అన్నాడు నిచ్చెన.

హెడ్డుగారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని రిపేరక్కకేసి మొదటిసారి పరీక్షగా చూసింది.

గోడ మీది చార్టు చూసి, ఆ రోజుకి అరవై నాలుగు డిగ్రీలని నిచ్చెన పిడి తిప్పి పెట్టాడు. ఏ తేదీకి డిష్షు ఎంత పైకి లేవాలో రిపేరక్క ఎప్పుడో ఒక సెలవంతా కూర్చుని చేత్తో రాసిన చార్టు అది. అందరూ తెర ముందు మూగారు. పన్నెండూ పది. సూర్యుడు చూపులోకి రావలసిన వేళ. గీత అడ్డంగా పడుకుని ఉంది. పన్నెండూ పదకొండు. అలాగే ఉంది. పన్నెండూ పన్నెండు.

హెడ్డుగారు ఆమె చెవి దగ్గర వంగాడు. “ఇదీ నువ్వు పెట్టిందేనా?”

“కాదు సార్.”

ఆ మాట అంటుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. తను పెట్టినదైతే ఎక్కడుందో తెలుసు. ఇదేమిటో తెలియదు. చేతులు దురదపెట్టాయి. లేచి నాలుగడుగులు వేస్తే తనే కనుక్కోగలదు. కాని చెయ్యి వేసిందా, కాగితం మీది ఆ అబద్ధం నిజమైపోతుంది. వెయ్యలేదా, కొండ దాటిపోతుంది. ఎటు చూసినా తరగతి పోయేలాగే ఉంది. తనకి తెలియకుండానే సగం లేచి నిలబడింది.

“అక్కా, మీరు కూర్చోండి.”

అన్నది గుసగుస. ఈసారి అందరికీ వినపడింది. నిచ్చెన పిడి వదిలేసి మరీ చూశాడు. రిపేరక్క కూర్చుంది. తండ్రిలాగే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

గుసగుస వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. “చెయ్యి పెడితే గీత లేచింది. కాబట్టి తీగా రిసీవరూ బాగున్నాయి. గడియారం సరిగ్గానే ఉంది, నా ఫోనుతో పోల్చాను. మిగిలింది చూపే. డిష్షు వేరే చోటుకి చూస్తోంది.”

“నీడ ఉంటే తెలిసేది. ఈ మబ్బులో నీడేది? పైకి తిప్పనా, కిందికా? తొందరగా చెప్పు!” అన్నాడు నిచ్చెన.

ఆమె డిష్షు దిమ్మకేసి చూస్తోంది. తీగ అతికించే హడావిడిలో అలవాటు మరిచి పెన్సిలు అక్కడే పెట్టేసింది. అది అక్కడే ఉంది. దొర్లలేదు.

ఆమె పరుగున వెళ్ళి దిమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. డిష్షు కాళ్ళ కింద తుప్పులేని కొత్త పలకలు కనిపించాయి. మూలనున్న రసమట్టం తెచ్చి పెట్టింది. బుడగ నట్టనడుమ.

“నిచ్చెనా! దీన్నెవరో సరిచేశారు! ఇటువైపు పైకి లేపారు, అంటే డిష్షు తలెత్తేసింది. చార్టు మాత్రం వంకరగా ఉన్నప్పటిది. కిందికి దించు. మెల్లగా. నేను వింటా.”

చార్టు రాసిన ఆ సెలవు స్టూలు మీది రిపేరక్కకి కళ్ళకి కట్టింది. వాటం వల్ల డిష్షు మూడు డిగ్రీలు కిందికి చూస్తోందని, ప్రతి అంకెకీ మూడు కలిపి రాసింది. ఎందుకు కలిపిందో ఎక్కడా రాయలేదు. పదకొండేళ్ళలో ఆ సంగతి తనే మరిచిపోయింది. వంకరకి మందు ఒకసారి చార్టులో వేసింది, మళ్ళీ నిన్న కాళ్ళ కింద వేసింది. అందరి లోపాలూ పట్టించే మనిషి తనే పప్పులో కాలేసింది.

నిచ్చెన పిడి తిప్పాడు. అరవై మూడు. ఒకటే హోరు. అరవై రెండు. గుసగుస గదిలోకొచ్చి, కళ్ళు మూసుకుని స్పీకరుకేసి తల వంచింది. అరవై రెండు దాటుతుండగా హోరు చిక్కబడింది. ఇంకొంచెం దించేసరికి రేకుల గది మొత్తం ఆ శబ్దంతో నిండిపోయింది.

“ఆపు!”

సరిగ్గా అరవై ఒకటి. తెర మీద పడుకున్న గీత నిటారుగా లేచి నిలబడింది. పైన మబ్బు అలాగే ఉంది, ఎవరికీ నీడ లేదు, అయినా సూర్యుడు ఆ గదిలో ఉన్నాడు. పన్నెండూ పదమూడున్నర. నిచ్చెన పిడి వదిలి రెండు చేతులూ పైకెత్తాడు, రేకుల చూరు తగిలి వేళ్ళు చితికాయి, అయినా దించలేదు. గుమ్మం దగ్గర మూగిన పిల్లల కేకలు కింది అంతస్తు దాకా వెళ్ళాయి. గీత శిఖరానికి చేరి, నెమ్మదిగా అవతలి వాలు దిగింది. కొండలో ఎక్కే వైపు పోయింది, దిగే వైపు మొత్తం దక్కింది. గుసగుస అప్పుడే గోడ వేడినీ నిచ్చెన చేతి వేడినీ పక్కన పెట్టుకుని సూర్యుడి లెక్క మొదలుపెట్టింది.

పెద్దావిడ స్టూలు దగ్గరికి వచ్చింది. “రెండో లోపం కూడా మీరు పెట్టిందేనా అండీ? అయితే చాలా గట్టిది పెట్టారు.”

హెడ్డుగారు ఆవిడ వెనక నిలబడి, ఔనను, ఔనను అని కళ్ళతోనూ తలతోనూ చెప్పేస్తున్నాడు. ఔనంటే సరిపోయేది. ఎంత తెలివైన పరీక్ష పెట్టావని మెచ్చుకునేవాళ్ళు. ఆమె లేచి నిలబడింది.

“కాదు మేడమ్. అది నేను పెట్టలేదు, చేశాను. మీరు చూసి నవ్వుతారని నిన్న సాయంత్రం డిష్షు వంకర తీశాను, చార్టు సంగతి మరిచిపోయాను. నా తప్పు. నాకూ దొరకలేదు. పిల్లలు పట్టుకున్నారు.”

పెద్దావిడ తన సంచిలోంచి పాత కాగితం తీసి, ‘విద్యార్థులు చూస్తున్నారు’ అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన రాసింది. రాసింది పైకి చదివింది కూడా: “ఈ తరగతిలో విద్యార్థులు గురువు తప్పును గురువు కళ్ళముందే దిద్దారు. తరగతి కొనసాగాలి. రెండో డిష్షు ఇవ్వాలి.” హెడ్డుగారు ఏసీ యంత్రాల మాట మళ్ళీ ఎత్తలేదు. మెట్లు దిగుతూ, పిల్లలకి పట్టుదల నేర్పింది తనేనని చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, ఆయన కంగారుకి ఆమాత్రం మందు ఉండాలి.

బృందం వెళ్ళాక రిపేరక్క గోడ మీది చార్టు కిందికి దించి గుసగుస ముందు పెట్టింది. “ప్రతి అంకెలోంచీ మూడు తీసెయ్. ఎందుకు తీశావో కింద రాయి. నాలాగ మింగెయ్యకు.” ఆ పిల్ల పెన్సిలు అందుకుంది. రాస్తుంటే, రిపేరక్క మెడలోని ఎర్రతీగ తీసి ఆమె మెడలో వేసింది.

“ఇదేంటక్కా?”

“మిద్దె తాళంచెవి. ఇక తెరవడం, మూయడం నీ పని.”

అని, ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేనంత గట్టిగా. కింది అంతస్తు గుమాస్తా ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు. ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఏమీ లేదు బాబూ అని చేత్తోనే సైగ చేసింది. నాన్న ఆ సాయంత్రం ఎందుకంతగా నవ్వాడో ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఆమెకి తెలిసింది. ఓడిపోయినందుకు అంత సంతోషం ఉంటుందని ఆనాడు ఊహించలేదు.

మర్నాడు ఆమె పైకి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. స్టూలు మీద గుసగుస చేతులు కట్టుకుని కూర్చుంది. నిచ్చెన గోడకి ఆనుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. స్పీకరులో చప్పుడు లేదు.

“ఏమైందే దీనికి?” అంది రిపేరక్క.

“టెలిస్కోపునడగండక్కా” అంది గుసగుస, వీలైనంత గట్టిగా.

రిపేరక్క కోటు చేతులు పైకి మడుచుకుని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. అది కనుక్కోవడానికి ఆమెకి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఎవరూ ఒక్క మాట సాయం చెయ్యలేదు.